జూన్ ఇరవై నాలుగున ఫ్లోరెన్స్‌లో ఎనిమిది గంటలు

“రోమ్ నుంచి వచ్చే బండి దారి మధ్యలో ఆగిపోతే? అప్పుడేం చేస్తుంది పిల్ల?”

ఈ మాట నేను పైకే అన్నాను. మా ఆయన ఎజీదియో వంటింటి బల్ల ముందు కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాడు. తలెత్తకుండానే జవాబిచ్చాడు.

“ఆగితే దిగుతుంది. కదిలే బండిలోంచి దిగడం కంటే అదే నయం.”

“నీకన్నీ వేళాకోళాలే.”

“తీనా, పిల్ల బయల్దేరడానికి ఇంకా తొమ్మిది రోజులుంది. నువ్వు ఇప్పటికే దాని చేత నాలుగు బండ్లు తప్పించావు, రెండుసార్లు జబ్బు చేయించావు, ఒకసారి పెట్టె పోగొట్టించావు. కాస్త ఊపిరి పీల్చుకోనీ.”

ఆయన బేకరీలో పనిచేస్తాడు. తెల్లవారక ముందే వెళ్లి రొట్టెలు కాల్చి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి, లోకంలో పిండన్నాక పొంగి తీరుతుంది అనుకునే రకం. నాకు అలా చేతకాదు. కీడెంచి మేలెంచమన్నారు. నేను కీడు దగ్గరే ఆగిపోతానని ఆయన దెప్పుతాడు.

మా పిల్ల మిలేనాకి అప్పుడు పంతొమ్మిదేళ్లు. క్లారినెట్ వాయిస్తుంది. మా కొండ ఊళ్లో బ్యాండుమేళం ఉంది, పండగలకీ శవాల వెనకా అదే వాయిస్తుంది. అందులో ఎనిమిదో ఏటి నుంచీ ఉంది పిల్ల. ఇక ఊళ్లో దానికి నేర్పేవాళ్లు లేరు. దగ్గర్లోని సంగీత కళాశాలలో ఆ ఏడు సీట్లు నిండిపోయాయన్నారు. అందుకని మూడు ఊళ్లలో మూడు ప్రవేశ పరీక్షలకి పేరిచ్చింది. బుధవారం నేపుల్స్, గురువారం రోమ్, శనివారం పొద్దున తొమ్మిదింటికి బొలోన్యా. ఎక్కడా రాకపోతే సెప్టెంబరు నుంచి పళ్లు డబ్బాలకెత్తే ఫ్యాక్టరీలో చేరతానని తనే చెప్పింది. చెప్పినప్పుడు నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు రెండు పూటలు అన్నం సయించలేదు.

మూడు ఊళ్ల మధ్యలో శుక్రవారం రైళ్ల సమ్మె. మా దగ్గర సమ్మెలు పెళ్లిళ్లలాగా ముందే తేదీ చెప్పి వస్తాయి.

నేను చదివింది ఐదో తరగతి, ఆ తర్వాత కాన్వెంటు సిస్టర్ల దగ్గర కుట్టుపని. అయినా ఆ ప్రయాణం మొత్తం నేనే రాశాను, గళ్ల నోటుపుస్తకంలో. మా వీధి చివర సవేరియో అని ముసలాయన ఉన్నాడు, కింద స్టేషన్లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైనవాడు. రోజూ సాయంత్రం ఆయన గడపలో కుర్చీ వేసుకుని అడిగి రాసుకునేదాన్ని.

“సమ్మె రోజున కూడా పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా బండ్లు నడపాలి, తల్లీ. అది చట్టం. ఆ వేళల్లో బయల్దేరిన బండిని చివరిదాకా చేరుస్తారు. ఆ రెండు కిటికీల్లోంచే దూరిపోవాలి.”

అలాగే దూర్చాను. శుక్రవారం పొద్దున ఆరింటికి రోమ్‌లో ఎక్కితే పదింటి లోపు ఫ్లోరెన్స్. అక్కడ సాయంత్రం దాకా ఆగి, ఆరుంబావుకి ఎక్కి, ప్రాతోలో బండి మారితే ఎనిమిదింటికి బొలోన్యా. అక్కడ సిస్టర్ల వసతి గృహం. ఎనిమిదిన్నరకి గేటు వేసేస్తారు.

బయల్దేరే ముందురోజు బల్ల ముందు కూర్చోబెట్టి పుస్తకం చదివి వినిపించాను.

“కాగితం టికెట్ తీసుకుంటే ఎక్కే ముందు ప్లాట్‌ఫారం మీది పెట్టెలో ముద్ర కొట్టించు. మరిచిపోతే జరిమానా వేస్తారు, ఏడిచినా వినరు. ఒక బండికీ ఇంకో బండికీ మధ్య పావుగంటకి తక్కువ పెట్టుకోకు. ఫ్లోరెన్స్ అని పేరు కనబడగానే మొదటి స్టేషన్లో దూకెయ్యకు, చిన్నవి రెండు వస్తాయి. పట్టాలు అయిపోయి బండి ఇక ముందుకు పోలేని స్టేషన్ వచ్చాకే దిగు.”

“అమ్మా, నేనేం చంద్రుడి మీదికి వెళ్లట్లేదు.”

“చంద్రుడి మీదికైతే ప్రాతోలో బండి మారక్కర్లేదు. విను. స్టేషన్లో కాఫీ నిలబడే తాగు, కూర్చుంటే రేటు పెంచేస్తారు. క్లారినెట్ పెట్టె పైన అరలో పెట్టకు, ఒళ్లో పెట్టుకో. గుడ్డు అట్టు పెట్టిన రొట్టె మొదటి రోజే తినెయ్యి, ఎండకి పాడవుతుంది. చేతిలో పని లేకపోతే ఊళ్లో తిరక్కు, గదికి పోయి పడుకో.”

“ఊపిరి ఎప్పుడు పీల్చాలో రాశావా?”

వాళ్ల నాన్న పకపకా నవ్వాడు. తండ్రీ కూతుళ్లు నన్నాడించడంలో ఒకటే.

బుధవారం నేపుల్స్ నుంచి ఫోను: “రెండు సీట్లకి నలభై మంది ఉన్నారమ్మా. బాగానే వాయించాను. కానీ నలభై మంది.” అదొక ఆశా, నిరాశా కాని మాట.

గురువారం రోమ్ నుంచి ఫోను వచ్చేసరికి సాయంత్రం నాలుగైంది. చాలాసేపు ముక్కు ఎగపీల్చడమే వినబడింది.

“మధ్యలో ఊడిపోయిందమ్మా. మీట కింద మెత్త.”

క్లారినెట్ ఒళ్లు రెండు ముక్కలు, పైదీ కిందదీ; రెండిటినిండా మీటలుంటాయి. ఒక్కో మీట కింద గుండ్రటి మెత్త, చొక్కా గుండీ అంత ఉంటుంది. అది కన్నాన్ని గట్టిగా మూస్తేనే స్వరం పలుకుతుంది. లేకపోతే గాలి కారిపోయి కీచుమంటుంది. మా పిల్ల ముగ్గురు పెద్దమనుషుల ముందు నిలబడి కీచుమనిపించి వచ్చింది.

“ఇక్కడే ఎక్కడైనా బాగుచేసే షాపు వెతకనా? ఆరున్నర దాకా తెరిచుంటాయట.”

నేనేమన్నానో నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. “వద్దు. రోమ్‌లో సందుల్లో పడి తిరక్కు. తెల్లవారుజామున లేవాలి, వెళ్లి పడుకో. రేపు ఫ్లోరెన్స్‌లో నీకు ఎనిమిది గంటలుంది. పెద్ద ఊరు. షాపులకేం కరువు?”

పిల్ల నా మాట విన్నది. ఎప్పుడూ విననిది, ఆ రోజే విన్నది.

శుక్రవారం పొద్దున పదిన్నరకి మళ్లీ ఫోను.

“అమ్మా, అన్నీ మూసేసున్నాయి.”

“ఏం మూసేసున్నాయి?”

“అన్నీ. మేళం సామాన్ల షాపులు రెండిటికి వెళ్లాను. తలుపు మీద కాగితం అంటించారు, సోమవారం తెరుస్తారట. ఏదో పండగమ్మా. చారల బట్టలు వేసుకుని డప్పులు కొడుతూ ఊరేగింపు పోతోంది. మా ఊరి పండగ కూడా తెలీకుండా వచ్చావా అని ఒక ముసలాయన నవ్వాడు. ఇవాళ తేదీ ఎంతమ్మా?”

మా వంటింటి గోడకి మాంసం కొట్టువాడిచ్చిన క్యాలెండరు ఉంది. ప్రతి తేదీ కింద ఆ రోజు పునీతుల పేర్లుంటాయి. ఈ ప్రయాణం కోసం నేను దాని ముందు నెల రోజులు నిలబడ్డాను. సమ్మె రోజు చుట్టూ ఎర్ర సున్నా చుట్టాను. కానీ ఆ సున్నాలో అచ్చేసిన పేరు చదవలేదు.

జూన్ ఇరవై నాలుగు. స్నాపక యోహాను. ఫ్లోరెన్స్‌ని కాచే పునీతుడు.

ప్రతి ఊరికీ ఒక కాపుదల పునీతుడుంటాడు, ఆయన రోజున ఆ ఊరు మొత్తం మూస్తారు. మాకు ఆగస్టులో రోకో. రోకో పండగ నాడు మా ఊళ్లో మేకు కూడా దొరకదు. అలాంటప్పుడు పక్క ఊరికి పోయేవాడు అక్కడ ఎవరి పండగో ముందు చూసుకోవాలి. చంటిపిల్లలకి కూడా తెలిసిన సంగతి. నేను చూడలేదు. పదకొండేళ్లుగా నేను ఆ తేదీ కేసి చూడను.

ఎందుకో చెప్పాలి.

మా వైపు బిడ్డకి జ్ఞానస్నానం నాడు జ్ఞానతల్లిగా నిలబడినామె, కన్నతల్లి ఇద్దరూ ఆ రోజు నుంచి ఒకరికొకరు కొమారె అవుతారు. రక్తం పంచుకున్న అక్కచెల్లెళ్లు కొట్టుకున్నా ఊరు పట్టించుకోదు. కొమారెలు మాత్రం మాట పడకూడదు, మాట అనకూడదు. ఆ ముడి, జ్ఞానస్నానాలిచ్చినవాడు కనక, యోహాను వేసిందంటారు. ఏటా ఆయన పండగ నాడు కొమారెలు ఒకరికొకరు వంట తులసి కుండీ ఇచ్చుకుంటారు. మిలేనా జ్ఞానతల్లి లుక్రెజియా, మా పక్కింటామె. పిల్లలు లేరు. ఆమె భర్త కానియో మేళంలో మొదటి క్లారినెట్ వాయించేవాడు. ఊరి మేళంలో ఎవరి మీట ఊడినా ఆయన వంటింటి దీపం కిందే అతికేది. మా పిల్ల చేతిలో ఉన్న క్లారినెట్ ఆయనదే. మూతి దగ్గర పెట్టి ఊదడం నేర్పింది కూడా ఆయనే.

పిల్లకి ఎనిమిదేళ్లప్పుడు ఒక ఆదివారం లుక్రెజియా దాన్ని సముద్రానికి తీసుకెళ్లింది. తిరుగు బండి తప్పింది. తర్వాతి బండి రెండు గంటలకి. అప్పట్లో ఆమె దగ్గర ఫోను లేదు. ఆ రెండు గంటల్లో నేను నా బిడ్డని ఏడుసార్లు నీళ్లలో ముంచి తీశాను. వాళ్లు చేతిలో గవ్వలతో నవ్వుకుంటూ మలుపు తిరిగి వచ్చేసరికి వీధంతా గుమ్మాల్లో ఉంది. నేను ఆ వీధంతా వినేలా అన్నాను, “కడుపు పండనిదానికి బిడ్డ విలువ ఏం తెలుస్తుంది!”

లుక్రెజియా పిల్ల చెయ్యి వదిలి లోపలికి వెళ్లింది. ఆ ఏడాది తిరక్కుండానే ఇద్దరూ కానియో చెల్లెలి దగ్గరికి ఫ్లోరెన్స్ వెళ్లిపోయారు. ఏ ఊరో పిల్లకి నేను చెప్పలేదు. వెళ్లేముందు క్లారినెట్ పెట్టె మా గుమ్మంలో పెట్టారు. తలుపు తట్టలేదు.

“అమ్మా, ఉన్నావా?” అంది మిలేనా ఫోన్లో. “చార్జింగు అయిపోతోంది. స్టేషన్లో ప్లగ్గులన్నిటి దగ్గరా జనమే. ఆపేసి, గంట గంటకీ సరిగ్గా ఒక్క నిమిషం ఆన్ చేస్తాను. ఏదైనా దొరికితే అప్పుడు చెప్పు. మందుల షాపు పక్క బల్ల మీద ఉంటాను.”

“తిన్నావా?”

“అమ్మా!” అని పెట్టేసింది.

నేను చేసిన మొదటి పని బ్యాండు మాస్టరుకి ఫోను. ఆయన రెండు ఉపాయాలు చెప్పాడు. సిగరెట్ కాగితం మడిచి మెత్త కింద పెట్టమన్నాడు, లేదా మీటని లైటరుతో వేడిచేసి పాత లక్క కరిగించి అతికించమన్నాడు. పదకొండింటికి పిల్ల ఫోను ఆన్ చేయగానే చెప్పాను. పన్నెండింటికి తన జవాబు: “మెత్త కాలిపోయిందమ్మా. ఇప్పుడది అసలే లేదు.”

చెప్పింది నేనే కదా. 

తర్వాత, ఫ్లోరెన్స్‌లో బాగుచేసేవాళ్లవని మాస్టరిచ్చిన నంబర్లకి చేశాను. ఒకటి మోగి మోగి ఆగింది. రెండోదానికి రికార్డు చేసిన గొంతు పలికి, పండగ శుభాకాంక్షలు చెప్పి పెట్టేసింది. మూడోది ఎవరో ముసలామె ఎత్తింది. “మా అబ్బాయి బాణసంచా చూడాలని పడవలో చోటు పట్టుకోవడానికి పోయాడమ్మా, రేపు రా” అంది. రేపు తొమ్మిదింటికి మా పిల్ల బొలోన్యాలో నిలబడాలని ఆమెకెలా చెప్పను? అయినా చెప్పాను. ఆమె పాపం “దేవుడున్నాడు” అంది.

సవేరియో దగ్గరికి పరిగెత్తాను.

“ఇప్పుడే బొలోన్యా పోయే బండి ఏదైనా లేదా, బాబాయ్? అక్కడ షాపులు తెరిచుంటాయి.”

“సాయంత్రం ఆరు దాకా ఈగ కూడా కదలదు తల్లీ. ఆ రెండో కిటికీ తెరుచుకోవాలి. అది తెరుచుకునేసరికి బొలోన్యాలో షాపులు మూస్తారు.”

ఎంత బాగా కట్టాను ఆ ప్రయాణం! ఎటుపోయినా నేను కట్టిన గోడే.

ఇంటికొచ్చేసరికి ఎజీదియో బేకరీ నుంచి వచ్చి ఉన్నాడు. అన్నీ విని చేతుల మీది పిండి కడుక్కున్నాడు.

“నంబరు నీ దగ్గర ఉంది కదా.”

“ఎవరి నంబరు?”

“తీనా.”

ఉంది. మరియమాత పటం వెనక, తపాలా కార్డు మీద. మొదటి ఏడు క్రిస్మస్‌కి కానియో పంపాడు. పిల్ల ఎంత ఎదిగిందని అడిగాడు. నేను జవాబు రాయలేదు.

“నువ్వు చెయ్యి,” అన్నాను. “మగవాళ్లు మగవాళ్లు మాట్లాడుకోండి.”

“ఆ మాట నేను అన్లేదు, నువ్వన్నావు.” ఇది ఆయన కోపంగా అనలేదు. అలా అంటే నాకు తేలికగా ఉండేది.

“ఫోను పెట్టేస్తే?”

“పెట్టేస్తుంది.”

“ఇల్లు మారి ఉంటే? కానియో పోయి ఉంటే? ఎనభైకి దగ్గర పడ్డాడు, పోయే ఉంటాడు. పోయినా మనకి ఎవరు చెప్తారు?”

“తీనా, పోయినవాళ్లు పోయారో లేదో ఫోను చేస్తే తెలుస్తుంది. ఒంటిగంటన్నర అయింది.”

నేను అంట్లు తోమాను. తోమినవి మళ్లీ తోమాను. రెండింటికి పిల్ల ఫోను ఆన్ చేసింది. “దొరికిందా?” అంది. “చూస్తున్నాను” అన్నాను. “సరే అమ్మా” అంది. రోజూ నా మీద గయ్యిమనే పిల్ల అంత మెత్తగా సరే అంది. ఆశ వదులుకున్నవాళ్లే అలా అంటారు.

పటం దించాను. కార్డు మీద అంకెలు వెలిసిపోయాయి. ఎజీదియో చదువుతుంటే నేను నొక్కాను.

మోగింది. నాలుగు, ఐదు. తొమ్మిదోసారికి ఎత్తారు.

అవతల నుంచి ఎవరూ పలకలేదు. టీవీ వినబడుతోంది. డప్పులు. అవే డప్పులు మా పిల్ల బల్ల మీద కూర్చుని వింటోంది.

“నేను,” అన్నాను. “తీనాని.”

టీవీ ఆగిపోయింది. ఊపిరి మాత్రం వినబడుతోంది. ఆ ఊపిరి నాకు తెలుసు. పద్నాలుగేళ్లు పక్క పక్క మెట్ల మీద కూర్చుని టమాటాలు వలిచాం.

“పెట్టెయ్యొద్దు. నా కోసం కాదు. మిలేనా మీ ఊళ్లో ఉంది, స్టేషన్లో, మందుల షాపు పక్కన. దాని క్లారినెట్ మెత్త ఊడిపోయింది. ఊడినదాన్ని నేనే కాల్పించాను. నిన్న రోమ్‌లో బాగుచేయించుకుంటానంటే వద్దన్నాను. రేపు పొద్దున బొలోన్యాలో పరీక్ష, అదే ఆఖరిది. ఆరుంబావుకి బండి. మీ షాపులన్నీ పండగకి మూసేశారు. నేను పండగ చూసుకోలేదు. క్యాలెండర్లో ఆ రోజు నేను... నేను చూడను.”

“కానియో ఉన్నాడా?” అన్నాను. ఉన్నాడా అనేది ఎలా వినబడుతుందో అన్నాక తెలిసింది. “అంటే, ఇంట్లో ఉన్నాడా అని.”

ఎజీదియో కార్డు చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.

“ఆ రోజు రెండు గంటలు,” అన్నాను. “ఆ రెండు గంటలూ నాకు పిచ్చెక్కింది. బండి తప్పడం ఎవరికైనా జరుగుతుంది. నేనన్న మాట మాత్రం ఎవరూ ఎవరినీ అనకూడదు. కొమారెని అసలు అనకూడదు. నేను ఆ మాట వెనక్కి తీసుకోలేను, వీధంతా వింది. నువ్వు రాకపోయినా తప్పులేదు. పిల్లకి ఆ మాట అప్పుడర్థం కాలేదు. దానికి గవ్వలే గుర్తున్నాయి. ఇప్పటికీ దాచుకుంది.”

దూరంగా, వాళ్లింట్లో ఎక్కడో, ఒక సొరుగు లాగిన చప్పుడైంది. ఇనుప సామాన్లు గలగలమన్నాయి. ఎవరో మగమనిషి దగ్గాడు. తర్వాత అదీ ఆగింది.

గోడ గడియారం వైపు చూశాను. రెండూ ఇరవై. పిల్ల ఫోను మళ్లీ మూడింటికి గానీ మోగదు. అప్పటిదాకా నేను దానికి ఏమీ చెప్పలేను. ఇక్కడ కొండమీద వంటింట్లో నిలబడి రైలు నడపలేను, షాపు తెరిపించలేను, పలకని మనిషి చేత పలికించలేను. రిసీవరు చెవికి ఆనించుకుని నిలబడ్డాను. ఇంకేమైనా అనాలేమోననిపించింది. ఈ నోరు ఒకసారి అన్నది చాల్లే అని ఊరుకున్నాను.

ఎజీదియో లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు, ఇక పెట్టెయ్యమన్నట్టు. నేను తల అడ్డంగా ఊపాను.

అప్పుడు లుక్రెజియా గొంతు సవరించుకుంది.

“కానియో అడుగుతున్నాడు,” అంది. “ఊడింది పై ముక్కలోనా, కింది ముక్కలోనా?”